చీమా, పిట్టా?

కొలోన్ వీధి వెనక సందులో వేపుళ్ల బండి పెట్టుకున్న నాంగ్ పాసింగ్ అన్నదట. ఎవరితో అన్నదయ్యా అంటే బట్టలుతికే ఓసాంగ్‌తో. ఓసాంగ్ తడిచేతులతోనే వచ్చి వీడియో షాపు ఓనరు బెర్తింగ్ భార్య చెవిలో వేసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పేసింది.

"ఆ కొత్త ఎడిటర్ రూయ్ ఉన్నాడే, వాడికి దావావోలో ఇద్దరు పెళ్లాలట. ఒకత్తికి తెలీకుండా ఇంకొకత్తి. ఇద్దరూ కలిసిపోయేసరికి ఓడెక్కి ఇటు వచ్చిపడ్డాడట. పొద్దస్తమానం చెవులకు ఆ డిప్పలు ఎందుకు తగిలించుకుంటాడనుకున్నావ్? పెళ్లాలు ఫోన్ చేస్తే వినబడకూడదని."

బెర్తింగ్ మర్నాడు ఆ మాటను పూస పోకుండా రూయ్‌కే అప్పజెప్పి, "నిజమేనా దోంగ్?" అన్నాడు. దోంగ్ అంటే ఇక్కడ తమ్ముడు. మన చెవికి ఇంకోలా వినిపిస్తే తప్పు మన చెవిది.

రూయ్ తల గోక్కుని, "ఇద్దరే అన్నదా?" అన్నాడు.

బెర్తింగ్ కడుపుబ్బ నవ్వాడు. రూయ్ నవ్వలేదు. దావావో నుంచి వచ్చానని తను చెప్పింది ఒక్క బెర్తింగ్‌కే. అది నాంగ్ పాసింగ్ దాకా ఎలా పోయింది? బెర్తింగ్ నోరు జారాడా, లేక తన గురించి ఎవరైనా ఆరా తీస్తున్నారా?

రూయ్ అసలు పేరు ఎలిసియో గబుయా. ఒక్క పెళ్లాం కూడా లేదు. మనీలాలో బోర్డు లేని ఒక ఆఫీసుకు గూఢచారి. జుట్టుకు రంగు, మెడలో దండ, ఎడమకాలి కుంటు, అన్నీ ఆఫీసు ఇచ్చినవే. పుట్టింది మాత్రం ఇక్కడే, ఈ సెబు ఊళ్లోనే. ఇరవై ఏళ్ల కిందట ఓడెక్కి పోయి, ఇప్పుడు వేరేవాడి పేరుతో సొంతూరికొచ్చాడు.

అతన్ని ఇక్కడికి పంపింది రెండే రెండు మాటలు.

ఆ రెండు మాటల్ని కల్నల్ పుంసలాన్ తన గదిలో తలుపు గడియ వేసి మరీ వినిపించాడు. సెబులో ఏదో పెళ్లి. విందు మధ్యలో ఒక మగగొంతు, గుసగుసగా.

"అంగ్ లంగ్గామ్... సా కసాల్."

"సా కసాల్ అంటే పెళ్లిలో," అన్నాడు కల్నల్. "మనీలాలోనూ అంతే, మీ సెబులోనూ అంతే. మిగిలింది లంగ్గామ్. అంటే చీమ."

"మనీలాలో చీమ సర్," అన్నాడు గబుయా. "మా సెబులో పిట్ట."

కల్నల్ కళ్లజోడు తీసి తుడిచాడు. తనకు నచ్చని మాట విన్నప్పుడల్లా ఆయన కళ్లజోడుకు దుమ్ము పడుతుంది.

గొడవంతా మక్తాన్ తీరంలో నెలల తరబడి లంగరేసిన ఒక విదేశీ సర్వే ఓడ గురించి. సర్వే పైకి చెప్పే మాట. లోపల్లోపల సముద్రం అడుగున పోయే కేబుల్‌కు ఒక ముఠా దొంగచెవి తగిలిస్తోంది. సాక్షులు ఇద్దరే. ఒకడు అంబో, రేవు దగ్గర పంచదార గోడౌన్‌లో తూకం వేసే ముసలాయన. ఆ ఓడకు చేరిన పెట్టెల్ని కళ్లారా చూశాడు. రెండో మనిషి మాయా సుమలినోగ్, సరుకుల ఓడలో రేడియో ఆపరేటర్. ఆ ముఠావాళ్ల రహస్య సంకేతాలు ఆమె చెవిన పడ్డాయి. సోమవారం ఇద్దరూ విచారణ కమిటీ ముందు నోరు విప్పాలి. ఈలోగా ఇద్దర్లో ఒకరి నోరు మూయించాలని ముఠా చూస్తోంది. ఎవరి నోరు అన్నదే ప్రశ్న.

ఆఫీసుకు ఉన్న కాపలా జట్టు ఒక్కటే. అది మాయా ఇంటి దగ్గర ఉంది.

"చీమ ఎక్కడుంటుంది?" అన్నాడు కల్నల్. "పంచదార దగ్గర. అంబో ఎక్కడుంటాడు? పంచదార దగ్గర. పైగా ఈ శనివారం బోగోలో అతని కూతురి పెళ్లి. సా కసాల్. ఇంకేం కావాలయ్యా నీకు?"

"మాయా అంటే పిచ్చుక కదా సర్. అదీ పిట్టే."

"ఆ అమ్మాయికి పెళ్లెక్కడిది? పైగా మాట్లాడినవాడు మనీలా మనిషని బియాంకా రిపోర్టు ఇచ్చింది. దూరం నుంచి చూసిందట. మనీలావాడు పిట్టను లంగ్గామ్ అనడు."

బియాంకా దెల్ ముండో పేరు సెబులో తెలియనివాళ్లు లేరు. పెళ్లి విందుల్లో మైకు పట్టుకుని మూడొందల మందిని నవ్వించే యాంకర్. మనీలా పిల్ల. సెబువాళ్ల బిసాయా భాష రాదు, వచ్చీరాని ముక్కలు వంకరగా పలికి జనం పొట్టలు చెక్కలు చేయడమే ఆమె ఆట. ముఠాలోకి ఆఫీసు పంపిన మనిషి కూడా ఆమే. ఆ వీడియో ముక్కను సంపాదించి, సౌండ్ పెంచి, శుభ్రం చేయించి పంపింది ఆమే.

"నాకింకొక్క మాట కావాలి సర్," అన్నాడు గబుయా. "కాదు అన్న మాట దొరికినా చాలు. మనీలావాడైతే హిందీ అంటాడు, మావాడైతే దిలి అంటాడు. అది వినబడితే ఏ భాషో తేలిపోతుంది. చీమో పిట్టో తేలిపోతుంది."

"శనివారం లోపు తీసుకురా," అన్నాడు కల్నల్. "అప్పటిదాకా అది చీమే."

ఆ పెళ్లి వీడియో తీసింది బెర్తింగ్ షాపు. అందుకే రూయ్, అందుకే ఈ డిప్పలు.

షాపులో గబుయాకు అందరి మీదా అనుమానమే. బెర్తింగ్ ఒక అలమరాకు తాళం వేసి తాళంచెవి బనీనులో దాచుకుంటాడు. గబుయా ఒక మధ్యాహ్నం తాళం తీసి చూస్తే అందులో ఎండు మామిడి పళ్లెంతో పాటు చక్కెర జబ్బు మందులు కనబడ్డాయి. పెళ్లానికి తెలీకుండా తింటున్నాడన్న మాట. ఎదురు మేడ మీద ఒకడు పావురాల్ని పెంచుతూ గంటలు గంటలు ఇటే చూస్తాడు. వాడు పావురాల్ని చూస్తున్నాడా, పావురాల వంకతో తనను చూస్తున్నాడా? నాంగ్ పాసింగ్ కూడా వేపుళ్ల పొట్లం ఇస్తూ, "మూడో ఆమె ఎలా ఉంటుంది దోంగ్?" అని నెమ్మదిగా తీగ లాగుతుంది.

అన్నింటికంటే పెద్ద అనుమానం ఆ రెండు మాటల మీదే.

కంప్యూటర్ తెర మీద శబ్దం గీతలా కనబడుతుంది. గట్టి శబ్దానికి గీత కొండలా లేస్తుంది, చిన్న శబ్దానికి గడ్డిపోచలా ఊగుతుంది. బియాంకా ఇచ్చిన కాపీలో "లంగ్గామ్" ఒక కొండ, "సా కసాల్" ఇంకో కొండ. మధ్యలోనూ చివరా గీత చచ్చిన పాములా పడుంది. గడ్డిపోచ కూడా లేదు. గబుయా సౌండ్ ఎంత పెంచినా అక్కడ ఏమీ లేదు, కనీసం హోరు కూడా లేదు.

సెబులో పెళ్లి. బ్యాండు, పిల్లలు, పళ్లేలు, తాగిన బాబాయిలు. మాటకూ మాటకూ మధ్య అంత నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది? శవం లేచిన ఇంట్లో కూడా ఫ్యాన్ చప్పుడైనా ఉంటుంది.

ఎడిటింగ్ తెలిసినవాడికి ఇది కొత్త కాదు. సాఫ్ట్‌వేర్‌లో గేటు అని ఒకటుంటుంది. ఇంత మట్టానికి తగ్గిన శబ్దం వస్తే మూసుకో అని దానికి చెబితే చాలు, ద్వారపాలకుడిలా చిన్న శబ్దాల్ని బయటే ఆపేస్తుంది. హోరు పోతుంది. హోరుతో పాటు మెల్లగా మాట్లాడిన వాళ్లూ పోతారు. ఇక్కడ ఎవరో గేటు వేశారు. హోరు కోసం వేశారా, ఒక మనిషి కోసం వేశారా?

గురువారం మధ్యాహ్నం బియాంకానే షాపుకు వచ్చింది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, సందు మొత్తం సెంటు వాసన. నాంగ్ పాసింగ్ నూనెలో వేపుడు మాడుతున్నా పట్టించుకోకుండా మెడ సాచి చూసింది. ఊరికి మూడో ఆమె దొరికింది.

"మా పాప పుట్టినరోజు వీడియో అయిందా కూయా?" అన్నది. మనీలావాళ్లు అన్నను కూయా అంటారు. అది కోడ్ కూడా.

"పాట ఇంకా దొరకలేదండీ," అన్నాడు గబుయా. అదీ కోడే. కొత్త సాక్ష్యం లేదని అర్థం.

బెర్తింగ్ కూల్‌డ్రింక్ తేవడానికి పోగానే గబుయా గొంతు తగ్గించాడు. "నువ్విచ్చిన కాపీని శుభ్రం చేసిందెవరు?"

"మనీలాలో ఫ్రెండు ఒకడున్నాడు. ఏం, బాగోలేదా?"

"చాలా బాగుంది. అదే బాధ. అసలు కాపీ కావాలి."

"అసలుది ఎక్కడిది కూయా? ఆ కార్డు మీ ఓనరు చెరిపేశాడుగా. ఉన్నదే చాలు, చీమ చీమే." నవ్వింది. నవ్వేటప్పుడు కళ్లద్దాలు తీయలేదు. "అన్నట్టు, కాపలావాళ్లను బోగో పంపేస్తున్నారట కదా. ఆ మాయా పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉండటం నాకు నచ్చలేదు. శనివారం లపులపులో రిసార్ట్‌లో నా ప్రోగ్రామ్ ఉంది. మా టీమ్ బట్టలు తొడిగి నా పక్కనే నిలబెట్టుకుంటా. మూడొందల మంది మధ్య ఎవరేం చేయగలరు?"

"అదీ పెళ్లేగా."

"నేను చేసేవి పెళ్లిళ్లేగా కూయా. చావులకు నన్నెవరు పిలుస్తారు?"

ఆమె పోయిన వెంటనే గబుయా ఫోన్ అందుకున్నాడు.

"సర్, ఇప్పుడు పిట్ట కూడా పెళ్లికి పోతోంది."

"తెలుసయ్యా, నేనే సరేనన్నాను. బియాంకా పక్కన ఉండటం కంటే భద్రత ఏముంది?"

"అదే నా అనుమానం."

"నీకు దేని మీద అనుమానం లేదు చెప్పు."

"ఇంతవరకూ మీ మీద లేదు సర్," అని ఫోన్ పెట్టేశాడు గబుయా.

శనివారం రిసార్ట్ హాల్లో ఒక మూల బల్ల వేసుకుని, కంప్యూటర్ పెట్టుకుని, డిప్పలు తగిలించుకుని కూర్చున్నాడు. ఇక్కడి పెళ్లిళ్లలో ఇదో మర్యాద. పొద్దున చర్చిలో తీసింది మధ్యాహ్నం విందు ముగిసేలోగా ఎడిట్ చేసి అదే హాల్లో తెర మీద చూపించాలి. పెళ్లికూతురు ఏడుపు ఆరకముందే ఆ ఏడుపును ఆమెకే చూపించి మళ్లీ ఏడిపించాలి. దానికోసం ఎడిటర్ కంప్యూటర్ నుంచి హాలు స్పీకర్లకు ఒక తీగ ముందుగానే కలిపి ఉంచుతారు.

అక్కణ్ణుంచి గబుయాకు మాయా కనబడుతోంది. పొట్టిగా, చామనఛాయలో, టీమ్ వాళ్ల నీలం చొక్కాలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వేదిక పక్కన నిలబడింది. ఆమెకు అటొకడు ఇటొకడు, ఎంబ్రాయిడరీ చొక్కాల్లో ఇద్దరు మనుషులు. అతిథుల్లా ఉన్నారు, కానీ తినడం లేదు. సెబులో పెళ్లికి వచ్చి తినని అతిథిని నమ్మకూడదు.

బెర్తింగ్ చెమటలు కక్కుతూ వచ్చి బల్ల మీద ఒక చిన్న కార్డు పడేశాడు. "దోంగ్, దీన్ని ఖాళీ చేసివ్వు. లెచొన్ కెమెరాకు కావాలి."

"లెచొన్‌కు కెమెరా ఏంటి నొంగ్?" అన్నాడు గబుయా. నొంగ్ అంటే ఇక్కడ అన్న.

"పందిని నిలువునా కాల్చి బల్ల మీద పెడతారా, పెళ్లికొడుకు వచ్చేలోగా చర్మం సగం మాయం. కరకరలాడే చర్మం అంటే చర్చి ఫాదరు కూడా గిల్లుతాడు. పోయిన నెల ఒక మేనమామ నా గొంతు పట్టుకున్నాడు, దొంగను చూపించమని. అప్పట్నుంచి పంది మీద ఒక కన్ను పెట్టా."

గబుయా చెయ్యి మౌస్ మీద ఆగింది. "ఆ పాత పెళ్లి కార్డులన్నీ చెరిపేశానన్నావుగా."

"కెమెరా కార్డులు చెరిపేశా. ఇది కెమెరా కాదుగా, పంది కాపలా."

గబుయా కార్డు కంప్యూటర్‌లో పెట్టాడు. పాత పెళ్లి అందులో అలాగే ఉంది. బల్ల, బల్ల మీద ఎర్రగా కాలిన పంది, వచ్చే చేతులు, పోయే చేతులు. ముందుకు జరిపాడు. ఇంకా జరిపాడు. తెర అంచున ఎర్ర గౌను కనబడింది.

బియాంకా. ఆమె పక్కనే వీపు మాత్రం కనబడుతూ ఒక మగవాడు, చర్మం గిల్లుతున్నాడు. దూరం నుంచి చూశానంది. ఇది దూరం కాదు, ఒకే పంది చెవిని ఇద్దరూ పంచుకునేంత దగ్గర.

కానీ శబ్దం గీత చదునుగా పడుంది. పంది మాటలు ఎవరికి కావాలని బెర్తింగ్ ఆ కెమెరా మైకును అడుగంటా తగ్గించేశాడు. గబుయా దగ్గరికి లాగి చూశాడు. చదునుగా ఉంది, కానీ చచ్చిపోలేదు. వెంట్రుకవాసి వణుకుతోంది. గేటు లేదు.

సౌండ్ పెంచాడు. మీట చివరిదాకా పోయింది, చాల్లేదు. అదే ముక్కను కాపీ చేసి దాని మీదే పేర్చాడు, మళ్లీ ఇంకోటి పేర్చాడు. గొంతు ఒకటే, బలం మూడింతలు. ఇప్పుడు రేకుల మీద వానలా హోరు వచ్చిపడింది. హోరులో పంది మాంసం నరికే కత్తి దెబ్బలు, దానికింద డ్రమ్ము. అన్నిటినీ పెంచితే అన్నీ పెరుగుతాయి, దొంగ పెరుగుతాడు, దొర పెరుగుతాడు. అడుగున గుమ్మనే డ్రమ్మును కోసేశాడు. పైన బుసకొట్టే హోరును కోసేశాడు. మనిషి గొంతు ఉండే నడిమి భాగాన్ని మాత్రం మిగిల్చాడు. కత్తి దెబ్బ పడినచోటల్లా గీతను కిందికి గుంజి, దెబ్బకూ దెబ్బకూ సందులో పైకి లేపాడు. చెవులు పగలకుండా పైన ఒక కట్ట వేశాడు, ఏ శబ్దమూ ఆ కట్ట దాటకూడదు.

వేదిక మీద బియాంకా గొంతు ఖంగున మోగింది. "అందరి గ్లాసులూ నిండాయా? కొత్త జంట కోసం ఇప్పుడు అందరం కలిసి తాగాలి. మీ బిసాయాలో దాన్నేమంటారు? ఇనో... ఇమ్మో... ఇనుమా?"

హాలంతా గొల్లుమంది. ఆమె మెట్లు దిగివచ్చి, ట్రేలోంచి ఒక గ్లాసు ఏరి తన చేత్తోనే మాయాకు ఇచ్చింది.

గబుయా డిప్పల్ని చెవులకు అదుముకుని బొమ్మను నడిపించాడు.

"అంగ్ లంగ్గామ్, సా కసాల్." మగగొంతు. దాని వెనకే, కాపీలో పాము చచ్చిపడున్న చోట, అదే గొంతులో ఇంకో మాట. "లిసుద్?" కష్టమా అని.

ఒక కత్తి దెబ్బ. ఒక పిల్లాడి ఏడుపు. ఆ తర్వాత ఆడగొంతు, నవ్వుతూ, సెబు వీధుల్లో పుట్టి పెరిగిన గొంతు.

"దిలి లిసుద్." కష్టమేం కాదు.

దిలి. వంకర లేకుండా, తడబాటు లేకుండా. ఇన్ని పెళ్లిళ్లలో ఆ భాష పలకలేక జనాన్ని నవ్వించిన గొంతే అది. గేటు హోరు కోసం వేసింది కాదు, తన గొంతు వినబడకుండా ఆమె వేసుకున్న తలుపు.

అది చీమ కాదు, పిట్ట. పిట్ట చేతిలో గ్లాసు ఉంది.

గబుయా ఫోన్ నొక్కాడు. కాపలా జట్టుతో బోగో పోయిన కల్నల్ గొంతు అక్కడి పెళ్లి బ్యాండు మధ్య పీలగా వచ్చింది. "ఎవరూ? వినబడట్లేదు. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పే వీల్లేదు. ఎంబ్రాయిడరీ చొక్కాల్లో ఒకడు అప్పటికే ఇటు చూస్తున్నాడు, చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అరిస్తే విషం బదులు కత్తి పని చేస్తుంది. గబుయా జేబులో ఆఫీసు ఇచ్చిన పెన్ను ఉంది, మూత నొక్కితే మత్తు సూది పేలుతుంది. సూది ఒకటి, మనుషులు ముగ్గురు, మధ్యలో హాలంత దూరం.

"గ్లాసులు పైకి," అన్నది బియాంకా.

మూడొందల గ్లాసులు లేచాయి. మాయా గ్లాసు పెదవుల దాకా వచ్చింది.

గబుయా హాలు స్పీకర్ల మీటను చివరిదాకా తోసి, బొమ్మను వదిలాడు.

తెర మీద పెళ్లికూతురు రావలసిన చోట నిలువెత్తు కాల్చిన పంది ప్రత్యక్షమైంది. స్పీకర్లు గోడలు అదిరేలా గుసగుసలాడాయి.

"అంగ్ లంగ్గామ్, సా కసాల్. లిసుద్?"

"దిలి లిసుద్."

ఆ మీదట వెనక బల్ల దగ్గర ఒక బాబాయి, "ఓరి దేవుడా, మేడమ్‌కు బిసాయా వచ్చురోయ్," అన్నాడు. నవ్వు చెరువు గట్టు తెగినట్టు హాలంతా పారింది.

మాయా నవ్వలేదు. ఓడలో ఏళ్ల తరబడి హోరు మధ్య మాటలు ఏరుకున్న చెవులవి. పిట్ట, పెళ్లిలో, కష్టమేం కాదు. ఆ గొంతు ఎవరిదో, తన చేతిలో గ్లాసు ఎవరిచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పెదవుల దగ్గరి గ్లాసును మెల్లగా కిందికి దింపి, బియాంకా ముందుకు చాపింది.

"మీరు తాగండి మేడమ్."

జనానికి ఇది కొత్త ఆటలా తోచింది. చెంచాలతో గ్లాసుల్ని కొట్టడం మొదలుపెట్టారు. కొత్త జంట ముద్దు కోసం కొట్టే చెంచాలు ఇప్పుడు బియాంకా కోసం మోగాయి. "తాగాలి, తాగాలి," అంటూ పెళ్లికొడుకు కూడా అందుకున్నాడు.

బియాంకా నవ్వు ముఖం మీద అలాగే ఉంది. చెయ్యి మాత్రం వెనక్కి పోయింది.

"దిలి," అన్నది.

ఆ మాట మైకులోనే అన్నది. నవ్వు ఈసారి ఒక్కొక్క బల్ల దగ్గరా ఆరిపోతూ వచ్చింది.

ఎంబ్రాయిడరీ చొక్కాలవాళ్లు గ్లాసు కోసం కాదు, తలుపు కోసం చూసుకున్నారు. వంటింటి వైపు పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే అటునుంచి నలుగురు మనుషులు వెదురుగడ మీద లెచొన్ మోసుకొస్తున్నారు, పాటకు అడుగులు వేస్తూ. ముందువాడు వెదురును తాకాడు, వెనకవాడు పందిని తాకాడు. లెచొన్ నేలపాలైంది.

కత్తి చూపించినా, తుపాకీ చూపించినా వాళ్లకు దారి వదిలేవారేమో. కానీ కరకరలాడే చర్మాన్ని నేల మీద పడేసినవాణ్ణి సెబు మనిషి వదలడు. పెళ్లికూతురు తాత మొదలుకొని బెర్తింగ్ దాకా మీద పడ్డారు. గబుయా కుంటు మర్చిపోయి పరుగెత్తుకొచ్చేసరికి అక్కడ పట్టుకునే పని మిగల్లేదు, వాళ్ల ఒంటి మీద చొక్కాలూ మిగల్లేదు.

బియాంకా పారిపోలేదు. కుర్చీలో కూర్చుని కాలిమీద కాలు వేసుకుంది.

"ఏ కార్డు కూయా?" అని అడిగింది. "అన్నీ నేనే దగ్గరుండి చెరిపించాను."

"పంది కార్డు."

ఆమె తెర వైపు చూసింది. అక్కడ పంది ఇంకా అలాగే ఉంది, ఎర్ర గౌను అంచుతో సహా.

"నాకు లెచొన్ అంటే పిచ్చి," అన్నది ఈసారి మంచి బిసాయాలో. "మా అమ్మ అంటూనే ఉండేది, నోరు కట్టుకోకపోతే చెడిపోతావే అని."

ఎండ పడమటికి వాలాక కల్నల్ పుంసలాన్ వచ్చాడు. చొక్కా మీద బోగో విందు మరకలు, చేతిలో అంబో కట్టించి పంపిన అరటాకు పొట్లం. అప్పటికి పోలీసులు గ్లాసులోదాన్ని సీసాలో పోసి భద్రం చేశారు, ముగ్గురినీ బండి ఎక్కించారు. పెళ్లివాళ్లు ఇంకో పందిని తెప్పించుకునే పనిలో ఉన్నారు. మాయా హాలు మెట్ల మీద కూర్చుని ఉంది. బెర్తింగ్ ఆమెకు కూల్‌డ్రింక్ ఇస్తే ముందు అతన్ని ఒక గుక్క తాగమని, తర్వాత తాను తాగుతోంది.

కల్నల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బానే చేశావు గబుయా. కానీ పద్ధతి ఇది కాదు. ఇది రహస్య సాక్ష్యం. ముందు నాకు వినిపించాలి. నేను విని, ఆలోచించి, పైవాళ్లకు చెప్పాలి. నువ్వేమో పెళ్లి హాల్లో స్పీకర్లు పెట్టి ఊరందరికీ వినిపించావు. రేపు పేపర్లో వస్తే ఏం చెప్పాలి నేను? అందరూ వినేశారు కదయ్యా."

గబుయా నోరు తెరిచేలోపు మెట్ల మీంచి మాయా అన్నది:

"అందరూ విన్నారు గనకే బతికున్నాను సర్. మీ ఒక్కరికే వినిపించి ఉంటే ఈపాటికి చచ్చేదాన్ని."